వీట్యూబర్లను చూసేవాళ్ల గురించి పేపర్లలో ఎందుకిలా రాస్తారు? ఇంట్లో పెద్ద గొడవైపోయింది

నీలిసిరా (బరంపురం)

అందరికీ నమస్కారం. మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. డిగ్రీ అయిపోయి ఏడాదైంది, ఇంటి దగ్గరే ఉండి పెళ్లి శుభలేఖలకీ దుకాణాల బోర్డులకీ ట్యాబ్‌లో బొమ్మలు వేసి ఇస్తుంటాను. ప్రశ్న కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

నేను చాలా ఏళ్లుగా వీట్యూబర్లను చూస్తాను. తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: మాట్లాడేది మనిషే, ఆటలాడేది, పాడేది, బొమ్మలేసేది మనిషే, కాకపోతే తెర మీద వాళ్ల ముఖం బదులు గీసిన పాత్ర కనపడుతుంది, వాళ్లు తల తిప్పితే అదీ తిప్పుతుంది, వాళ్లు నవ్వితే అదీ నవ్వుతుంది. 2016 చివర్లో జపాన్‌లో కిజునా ఐ అనే పాత్ర వచ్చాక ఈ పేరు నలుగురికీ తెలిసింది. నేను ఎక్కువగా చూసేది నినోమే ఇనానిస్‌ని. 2020 సెప్టెంబరులో, వీట్యూబర్లను నడిపే జపాన్ ఏజెన్సీ హోలోలైవ్ వాళ్లు ఇంగ్లీషులో మొదలుపెట్టిన తొలి ఐదుగురిలో ఆవిడ ఒకరు. లైవ్‌లో కూర్చుని గంటల తరబడి బొమ్మలేస్తారు. లేయర్లు ఎలా పెట్టుకోవాలో, నీడ రంగు ముందు వేయాలో తర్వాత వేయాలో నాకు ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు, ఆవిడ చెయ్యి చూసి నేర్చుకున్నాను. ఇవాళ నా చేతికి నాలుగు డబ్బులొస్తున్నాయంటే అందులో ఆవిడ పాలు ఉంది.

నెల కిందట ఒక పత్రిక విలేకరి ఫోన్ చేశారు, పత్రిక పేరు ఇక్కడ వద్దు. వీట్యూబర్లను చూసే కుర్రకారు మీద కథనం రాస్తున్నాం, రెండు ముక్కలు మాట్లాడతారా అన్నారు. నాకెంత సంతోషమేసిందో! ఇరవై నిమిషాలు మాట్లాడాను. పైన రాసిందంతా చెప్పాను. ఎప్పటినుంచి చూస్తున్నారని అడిగితే, లాక్‌డౌన్‌లో కాలేజీ మూసేసి ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మొదలుపెట్టాను అన్నాను. డబ్బు కడతారా అని అడిగితే, ఛానల్ మెంబర్‌షిప్ ఉంది, అంటే ఛానల్‌కి నెలనెలా కట్టే చందా, నెలకో సినిమా టికెట్ అంత అవుతుంది అన్నాను.

అచ్చయింది చూడండి. శీర్షిక 'బొమ్మ మోజులో యువత'. నేనేమో 'ఒంటరితనంతో బాధపడుతున్న బరంపురం యువతి'. మెంబర్‌షిప్ కాస్తా 'నెలనెలా బొమ్మకు చెల్లింపులు' అయింది. బొమ్మలు నేర్చుకున్న సంగతి ఒక్క ముక్క లేదు. ఫోటో ఏదో రోబోది. కింద ఒక డాక్టరుగారి మాటలు, ఫోన్‌కి బానిసలవడం గురించి, ఏ కథనం కిందైనా సరిపోయేవి.

పేరు మార్చారు కానీ మా వీధిలో ట్యాబ్ మీద బొమ్మలేసే అమ్మాయి ఇంకెవరుంది? నాన్న టీ కొట్టు దగ్గర చదివి ఇంటికొచ్చారు. తిట్టలేదు. పేపరు మడిచి టీవీ మీద పెట్టి, అన్నం తినకుండా పడుకున్నారు. అమ్మ మాత్రం "ఆ బొమ్మకి డబ్బులు కడుతున్నావా తల్లీ" అని ఏడ్చింది. అప్పట్నుంచీ నేను ట్యాబ్ తీస్తే చాలు ఇల్లంతా టెన్షన్.

నా ప్రశ్నలు రెండు. వీళ్లు ఎందుకిలా రాస్తారు, పగబట్టా తెలియకా? రెండోది, పత్రికకి రాయాలా, రాస్తే ఏం రాయాలి? నాన్నకి ఎలా చెప్పాలో కూడా ఎవరైనా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

నాగావళి_గట్టు (రాయగడ)

చెల్లెమ్మా, ముందు ఆ రోబో ఫోటో గురించి చెప్తాను, ఎందుకంటే మొత్తం తప్పు అక్కడే ఉంది.

నేను చేసేది లైవ్2డి అనే సాఫ్ట్‌వేర్‌లో రిగ్గింగ్, అంటే గీసిన బొమ్మ కదిలేలా కట్టడం. ఆర్టిస్టు గీసిన బొమ్మని ముక్కలుగా పంపుతారు, ముందు జుట్టు వేరు, వెనక జుట్టు వేరు, పై రెప్ప, కింది రెప్ప, కనుపాప, పెదాలు, నోటి లోపల అన్నీ వేరు వేరు లేయర్లు. తల పక్కకి తిరిగితే ఏ ముక్క ఎంత జరగాలి, నోరు ఎంత తెరిస్తే దవడ ఎంత దిగాలి, ఒక్కొక్కటీ మేము కట్టాలి. అవతల మనిషి ముఖాన్ని ఫోన్ కెమెరా చూస్తూ ఉంటుంది, ఆ కదలికలు ఈ ముక్కల్లోకి వస్తాయి. మనిషి లేచి వెళ్లిపోతే బొమ్మ బొమ్మలాగే నిలబడిపోతుంది.

మొన్న ఒకావిడ మోడల్ పరీక్షిస్తుంటే కుడి కన్ను ఎడమ కంటే రవ్వంత ఆలస్యంగా మూసుకుంటోంది. నా పనిలో లోపం అనుకుని రెండు రాత్రులు కూర్చున్నాను, ఎంత చూసినా దొరకదు. చివరికి ఆవిడకే చెప్పాను. ఆవిడ నవ్వి, నేను చిన్నప్పట్నుంచీ అలాగే కన్నార్పుతాను, మా అమ్మ కూడా అంతే, దాన్ని అలాగే ఉంచండి అన్నారు. ఇప్పుడు ఆ పాత్ర కూడా అలాగే ఆర్పుతుంది. మరి దాని పక్కన రోబో ఫోటో పెడితే కడుపు మండదా?

మన ఒడిశాలో ఈ గందరగోళానికి ఒక కారణం కూడా ఉంది. 2023 జులైలో ఒడియా ఛానల్ ఓటీవీ వాళ్లు లీసా అని ఏఐ న్యూస్ యాంకర్‌ని తెచ్చారు, చేనేత చీర కట్టి ఒడియాలో వార్తలు చదివింది, ఊరంతా చూశారు. అక్కడ ఆ ముఖం వెనక ఉండి మనతో మాట్లాడే మనిషి లేరు. వీట్యూబర్ దగ్గర ఉన్నదే మనిషి. ఆ తర్వాత మా మావయ్యలు, బాబాయిలు ఎవరికి నా పని చెప్పినా "ఓ, లీసానా" అంటారు. జనం అలా అనుకుంటే తప్పుపట్టలేం, రాసేవాళ్లు ఆ తేడా తెలుసుకుని రాయాలి కదా. ఏఐతో నడిచే స్ట్రీమర్లు, అంటే లైవ్ నడిపే పాత్రలు, లేరని కాదు, 2022 డిసెంబరు నుంచి లైవ్‌లోకి వచ్చిన న్యూరోసామా అలాంటిదే, దాన్ని తయారుచేసినవాళ్లు అది ఏఐ అనే చెప్పి నడుపుతారు. ఈ రెండిటినీ ఒకే బుట్టలో వేస్తే లోపలున్న మనిషి మాయమైపోతారు.

మీ నాన్నగారికి చెప్పాలంటే ఐరన్‌మౌస్ అనే వీట్యూబర్ కథ చెప్పండి. ఆవిడది ప్యూర్టోరికో. రోగనిరోధక శక్తి చాలా తక్కువగా ఉండే జబ్బు, ఇల్లు కదలడం కష్టం, ఏళ్లు మంచం మీదే గడిచాయి. సంగీతం నేర్చుకున్న మనిషి, గొంతు బావుంటుంది, వేదిక ఎక్కే ఒళ్లు కాదు. ఆ బొమ్మ వేసుకుని ఇంట్లోంచే జనంలోకి వచ్చారు. 2023 డిసెంబరులో ద గేమ్ అవార్డ్స్ అనే వీడియోగేమ్‌ల అవార్డుల్లో ఏడాది ఉత్తమ కంటెంట్ క్రియేటర్ అవార్డు ఆవిడకే ఇచ్చారు. ఆవిడ అభిమానుల్ని బొమ్మ పిచ్చోళ్లు అనగలరా ఎవరైనా?

పాత_మాస్టారు (జయపురం)

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్తాను. నేను స్కూల్లో పనిచేసి రిటైరైన మనిషిని. మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో ఏడులో ఉండగా సూపర్ చాట్ అని, లైవ్ నడుస్తుంటే డబ్బు కట్టి రంగు డబ్బాలో మెసేజ్ పెట్టేది ఉంటుందట, దాని కోసం మెస్ ఫీజుకి ఇచ్చిన డబ్బు మూడు నెలలు ఖర్చు చేశాడు. మెస్ వాళ్లు ఫోన్ చేస్తే తెలిసింది. వాడు చెడ్డవాడు కాదు. ఎందుకు చేశావురా అంటే, అంత మందిలో ఆవిడ నా పేరు చదివింది నాన్నా అన్నాడు. ఆ మాటకి నేనేం జవాబు చెప్పాలి? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి పత్రిక రాసింది పూర్తిగా అబద్ధం అనకండమ్మా. నీ సంగతిలో తప్పు రాశారు, ఒప్పుకుంటాను. మా ఇంటి సంగతి రాస్తే మాత్రం నిజమే రాసినట్టు. ఆ డబ్బు ఎవరికి పోతుందో, ఎంత పోతుందో ఒక్క కథనంలోనూ సరిగ్గా చెప్పరు, నా ఫిర్యాదు అది.

నాగావళి_గట్టు (రాయగడ)

మాస్టారూ, మీ బాధ అర్థమైంది. డబ్బు సంగతి చెప్తాను: సూపర్ చాట్‌లో నూటికి 30 యూట్యూబ్ తీసుకుంటుంది. మిగిలినదాంట్లో స్ట్రీమర్ హోలోలైవ్ లాంటి ఏజెన్సీలో ఉంటే వాళ్ల వాటా వాళ్లు తీసుకుంటారు. చేతిలోంచి 100 పోతే తెర మీద మాట్లాడిన మనిషికి అందేది అందులో కొంతే. మీ అబ్బాయికి ముందే ఈ లెక్క ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది. పేరు చదవడం గురించి మీరన్నది కూడా నిజమే, ఆ ఆశ మీద నడిచే వ్యాపారం కొంత ఉంది.

డెస్క్_నుంచి (పలాస, ఇదివరకు బరంపురం)

నేను పదకొండేళ్లు ఒక తెలుగు పత్రికలో సబ్ఎడిటర్‌గా చేశాను, సరిహద్దు పేజీలు చూసేవాడిని. పగబట్టా తెలియకా అని అడిగారు కదా. పగ కాదు, తెలియక ఒక్కటే కూడా కాదు. అక్కడ పని ఎలా జరుగుతుందో చెప్తాను.

విలేకరి రాసి పంపిన కాపీ సాయంత్రానికి డెస్క్‌కి, అంటే మేము దిద్ది పేజీలో పెట్టే చోటికి వస్తుంది. నాలుగు వందల మాటలు పంపితే పేజీలో ఉన్న చోటు నూట యాభైకి. ముందు ఎగిరిపోయేవి వివరాలు, అంటే మీ లేయర్లు, నీడ రంగులు. మిగిలేవి ఏవంటే, చదివేవాడికి ముందే తెలిసిన కథలో ఇమిడేవి. 'ఒంటరి అమ్మాయి' అనేది అందరికీ తెలిసిన కథ. 'బొమ్మలు నేర్చుకున్న అమ్మాయి' అంటే వివరించాలి, వివరించడానికి చోటు లేదు. మీరు లాక్‌డౌన్‌లో ఒక్కదాన్నే ఉన్నాను అన్నారు చూడండి, ఆ మాట వినగానే కథ కుదిరిపోయింది. శీర్షిక పెట్టేది విలేకరి కాదు, డెస్క్. ఫోటో కోసం లైబ్రరీలో 'వర్చువల్' అని వెతికితే రోబోనే వస్తుంది. ఇలాంటి పేజీ నేనూ పెట్టాను. వేరే విషయం మీద, ఒక కుటుంబం మీద. వాళ్లు ఫోన్ చేసి ఏడిస్తే అప్పుడు తెలిసింది ఆ పని ఏమిటో.

వీట్యూబర్ల మీద నా కంట పడినవి మూడే రకాలు. వీళ్లెంత సంపాదిస్తున్నారో చూడండి అనేది ఒకటి, మగపిల్లలు బొమ్మని ప్రేమిస్తున్నారు అనేది ఒకటి, కొత్త టెక్నాలజీ వింత అనేది ఒకటి. ఆడపిల్లలు చూస్తారనీ, చూసి పని నేర్చుకుంటారనీ, జపనీస్ రానివాళ్ల కోసం కొందరు రాత్రంతా కూర్చుని పైసా తీసుకోకుండా సబ్‌టైటిళ్లు వేస్తారనీ వీటిలో ఎక్కడా రాదు. జపాన్‌లో కూడా ఈ పేచీ ఉంది. 2021లో చిబా ప్రాంతంలోని మత్సుదో పోలీసులు సైకిల్ నియమాల మీద ఊరి వీట్యూబర్ ఒకరితో వీడియో చేయించారు. ఆ బొమ్మ బట్టలు బాగాలేవని స్త్రీవాద ప్రజాప్రతినిధుల బృందం అభ్యంతరం చెబితే తీసేశారు. వాదన అంతా బొమ్మ బట్టల చుట్టూ తిరిగింది, ఆ పాత్ర వేసే అమ్మాయి ఏమనుకుంటోందో అడిగినవాళ్లు తక్కువ. కోర్టులే కాస్త నయం, 2022లో ఒసాకా జిల్లా కోర్టు, వీట్యూబర్ పాత్ర పేరు పెట్టి తిట్టినా ఆ తిట్టు వెనకున్న మనిషికే తగులుతుందని చెప్పింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. లేఖ రాయండి, ఎడిటర్ పేరున, తారీకు, పేజీ నంబరుతో. వంద మాటలు దాటొద్దు. కోపం ఒక్క వాక్యంలో కూడా వద్దు. 'అచ్చయిన మాట ఇది, నేను చెప్పిన మాట ఇది' అని రెండు మూడు చోట్ల పక్కపక్కన పెట్టండి. ఆ ఫోటో రోబోది, వీట్యూబర్‌ది కాదు అని ఒక ముక్క. సవరణ వేయమని స్పష్టంగా అడగండి, అడక్కపోతే ఉత్తరాల శీర్షికలో వేసి చేతులు దులుపుకుంటారు. కాపీ ఒకటి విలేకరికి కూడా పంపండి, పాపం ఆయనకి కూడా ఆ శీర్షిక పొద్దున పేపర్లోనే తెలిసి ఉంటుంది. ఇకముందు ఎవరు అడిగినా జవాబులు రాతలో ఇవ్వండి.

కొండదారి (పొట్టంగి)

పై అన్న చెప్పింది చదువుతుంటే మా సంగతే గుర్తొచ్చింది. మాది కొటియా పక్క. అటు ఆంధ్రా, ఇటు ఒడిశా, రెండూ మావే అంటాయి ఆ ఊళ్లని. అటు నుంచీ ఇటు నుంచీ టీవీ వాళ్లు వస్తారు. వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే, రెండు రేషన్ కార్డులు చూపించండి, రెండు ఓటరు కార్డులు చూపించండి. కార్డులు చేత్తో పట్టుకుని నిలబెట్టి వీడియో తీసి వెళ్లిపోతారు. మా పెద్దమ్మ అల్లం, పసుపు ఎలా పండిస్తుందో, సంతకి ఎన్ని కిలోమీటర్లు మోసుకెళ్తుందో ఒక్కరు అడగలేదు. టీవీలో చూసినవాళ్లకి మేమంటే రెండు కార్డులున్న మనుషులం, అంతే. అది అబద్ధమా అంటే కాదు, కార్డులు ఉన్నాయి. కానీ అదొక్కటే మేము కాదు కదా.

అందుకే నీలిసిరా అక్కా, నీ బాధ నాకు బాగా తెలిసింది. నేను కూడా చూస్తాను, జపాన్ వాళ్లవి. వాళ్లకి రాత్రి తొమ్మిదంటే మనకి సాయంత్రం ఐదున్నర, మా దగ్గర సిగ్నల్ ఉండేది బడి వెనక గుట్ట మీద, అక్కడికెళ్లి చూస్తాం నలుగురం. ఒక్కడికీ జపనీస్ రాదు. నవ్వితే నవ్వుతాం. దాన్ని ఒంటరితనం అంటారా? నలుగురం ఒకే ఫోన్‌లో చూస్తున్నాం.

ఇంకొకటి, అభిమానులందరూ మంచోళ్లు అని లేఖలో రాయకు. వెనకున్న మనిషి అసలు పేరు, ఇల్లు వెతికి బయట పెట్టేవాళ్లు మనలోనే ఉన్నారు, నేను చూశాను, గొడవపడి ఒక గ్రూపులోంచి బయటికి వచ్చేశాను. మంచి కూడా పెద్దదే ఉంది. 2025 జులైలో ఐరన్‌మౌస్ తన ఏజెన్సీ తనకి డబ్బు బాకీ పడిందనీ, జబ్బుపడినవాళ్ల సంస్థకి చేరాల్సిన 5 లక్షల డాలర్లకి పైగా సొమ్ము కూడా చేరలేదనీ చెబితే, అభిమానులే కొద్దిరోజుల్లో అంతకంటే ఎక్కువ పోగుచేసి ఆ సంస్థకి ఇచ్చారు. రెండూ రాయి. రెండూ నిజమే.

దేశిబెహరా_వీధి (బరంపురం)

అమ్మాయీ, నేను మీ నాన్న వయసువాణ్ణి, మన ఊరివాణ్ణే. ఈ వీట్యూబర్లంటే నాకు మా అమ్మాయి చెబితే తెలిసింది. మీ నాన్నకి ఫోన్‌లో చూపించకు, పేపర్ చదివించకు. ఠాకురాణి యాత్ర గురించి అడుగు.

రెండేళ్లకోసారి చైత్రంలో అమ్మవారు మన వీధికి వచ్చినప్పుడు ఎంతమంది మొక్కు తీర్చుకోవడానికి వేషాలు కడతారు! మా పక్కింటి అబ్బాయి శివుడి వేషం కడితే వాళ్ల నానమ్మ కాళ్లకి దండం పెట్టింది. వాడు తన మనవడని ఆవిడకి తెలియదా? వేషం ఉన్నంతసేపు వేషానికి మర్యాద, విప్పాక పిల్లాడికి అన్నం. పులివేషం వాళ్లు ఆడుతుంటే రంగు లోపల ఎవరున్నారో సగం వీధికి తెలుసు, అయినా రంగు కడుక్కునేదాకా పేరు పెట్టి పిలవరు. మా అమ్మాయి చెప్పింది విన్నాక, ఆ జపాన్ వాళ్లు చేసేది కూడా నాకు దానికి దగ్గరగానే అనిపించింది. లోపలున్న మనిషి పేరు అడగకపోవడం వాళ్లలో మర్యాద అట కదా. మనకి అది కొత్తా?

దేవుడి మొక్కునీ వినోదాన్నీ ఒకటి చేస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. వేషం లోపల మనిషి ఉంటాడని మన ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు, అంతవరకే నా మాట.

నీలిసిరా (బరంపురం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పది రోజులు ఇటు రాలేకపోయాను.

లేఖ పంపాను, తొంభై రెండు మాటలు. డెస్క్ అన్నయ్య చెప్పినట్టే రాశాను, కోపంగా ఉన్న వాక్యాలు ఐదు కొట్టేశాక ఆ లెక్క వచ్చింది. సవరణ ఇంకా పడలేదు. విలేకరి మాత్రం ఫోన్ చేశారు. తను పంపిన కాపీలో బొమ్మలు నేర్చుకున్న సంగతి ఉందట, స్క్రీన్‌షాట్ పంపారు, నిజంగానే ఉంది. ఇంకోసారి పెద్దగా రాద్దాం అన్నారు. ప్రశ్నలు రాసి పంపండి, రాసే జవాబిస్తాను అన్నాను.

మాస్టారూ, నా మెంబర్‌షిప్ లెక్క మొత్తం ఒక కాగితం మీద రాసి అమ్మ చేతికిచ్చాను, మీ మాట చదివాకే ఆ ఆలోచన వచ్చింది. పక్కనే ఈ ఏడాది బొమ్మల మీద వచ్చిన డబ్బు కూడా రాశాను. అమ్మ రెండుసార్లు కూడుకుని చూసింది.

ఇక నాన్న. దేశిబెహరా వీధి బాబాయిగారు చెప్పినట్టు యాత్ర గురించి అడిగాను. నాకు తెలియని సంగతి, నాన్న తొమ్మిదేళ్లప్పుడు వేషం కట్టారట. టైఫాయిడ్ వచ్చి బతకడనుకుంటే నానమ్మ మొక్కుకుందట. ముఖానికి పూసిన రంగు ఎండకి బిగుసుకుపోయి నవ్వితే చెంపలు లాగేవని, అయినా జనం చూస్తుంటే నవ్వు ఆగేది కాదని చెప్పారు. చాలాసేపు మాట్లాడారు. అప్పుడు ట్యాబ్ తెచ్చి ఇనానిస్ బొమ్మలేసే వీడియో పెట్టాను. పది నిమిషాలు ఏమీ అనకుండా చూసి, ఒక్కటే అడిగారు.

"ఈవిడకి జ్వరం వస్తే?"

"ఆ రోజు లైవ్ ఉండదు నాన్నా. ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెడతారు."

"చూసేవాళ్లు ఏమంటారు?"

"పడుకోమంటారు. తగ్గాకే రమ్మంటారు."

ఊఁ అని లేచి కొట్టుకి వెళ్లిపోయారు. ఒప్పుకున్నారని చెప్పను, ఆ పేపరు ఇంకా టీవీ మీదే ఉంది. విలేకరి పంపిన ప్రశ్నల్లో మొదటిది 'ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు' అని. దానికి జవాబు నేను రాయదలచుకోలేదు, నాన్ననే అడిగి ఆయన మాటల్లోనే పంపుతాను. రెండు రోజులు ఆగమని విలేకరికి చెప్పాను.